బస్సు టైముకొస్తే ఎట్ల?

"రేపు బస్సు టైముకొస్తే ఎట్లనే బిడ్డా?"

ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం మా లిదియాను నేనడిగిన మాట ఇది. చీర ఇస్త్రీ చేసుకుంటున్న పిల్ల తల ఎత్తి నా వైపు చూసింది.

"వస్తే ఎక్కుతమమ్మా" అన్నది.

చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు. భయపడడం నేర్పే క్లాసు ఏ కాలేజీలోనూ ఉండదు!

అయ్యా, అమ్మా, మీరంతా బస్సు రాదేమోనని భయపడే రకం. నేనట్లా కాదు. రాని బస్సుకు మనం ఏనాడో అలవాటుపడ్డాం. దాన్ని నమ్ముకొని పొయ్యి మీద పప్పు పెట్టి రావచ్చు. బట్టలు ఆరేసి రావచ్చు. మధ్యలో మళ్లీ ఇంటికి పోయి తాళం వేశామో లేదో చూసి రావచ్చు. టైముకు వచ్చే బస్సును నమ్ముకొని ఏం చేయగలం? పరుగెత్తడం తప్ప! అందుకే గుండె మీద చెయ్యి వేసుకొని చెబుతున్నాను: ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పోయే బస్సు టైముకు రాకపోవడం మా ప్రాంతానికి దొరికిన వరం. దాన్ని పదిలంగా కాపాడుకోవాలి!

నవ్వుతున్నారా? మా వాడకట్టు దేవవ్వను అడగండి. ఆమె పుట్టిల్లు బీర్కూరు. మొగుడి మీద కోపం వచ్చినప్పుడల్లా బట్టల మూట కట్టుకొని బస్టాండుకు వస్తుంది. పొద్దున పొంగిన కోపం ఎండెక్కేసరికి సగమవుతుంది. మధ్యాహ్నానికి బీర్కూరు బస్సు రాదు, ఆకలి వస్తుంది. సాయంత్రానికి కోపమెందుకు వచ్చిందో మరిచిపోయి, అక్కడే ఇంత తోటకూర కొనుక్కొని ఇంటికి పోతుంది. ఆ బస్సే టైముకు వచ్చి ఉంటే? పంచాయితీలు, పెద్దమనుషులు, కోర్టు కచేరీ! ఎల్లారెడ్డిలో ఇన్ని సంసారాలు నిలబడి ఉన్నాయంటే అది ఎవరి చలవ అనుకుంటున్నారు?

ఇక చదువు సంగతి. మా పక్కింటి అన్వరి బేగం ఆపా నాకు క్రోషియా అల్లిక నేర్పింది బస్టాండు సిమెంటు అరుగు మీదనే. టేబులు మీద పరిచే గుడ్డలు ఎన్ని అల్లానో! మా ఇంట్లో టేబులు లేదు, అది వేరే విషయం. బదులుగా నేనామెకు తెలుగు అక్షరాలు నేర్పాను. గోడ మీది "ఇచ్చట ఉమ్మి వేయరాదు" అన్న బోర్డును ఆమె ఒక్క తప్పు లేకుండా చదివిన రోజున పంతులమ్మనైపోయినంత సంబరపడ్డాను. కామారెడ్డి కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరిన ఒకామె చంకలోని పిల్లవాడు ఆ అరుగు మీదనే కూర్చోవడం నేర్చాడు, నిలబడడం నేర్చాడు, అట్లా కొన్నాళ్లు ఎదురుచూస్తే బడికి పోయే వయసు కూడా వచ్చేది. ఏ ప్రభుత్వ పథకం ఇంత పని చేసింది?

ఆ అరుగుకు ఎదురుగా ఎంక్వైరీ కిటికీ. దాని వెనక రాజయ్య. "కామారెడ్డి బస్సు ఎప్పుడు రాజన్నా?" అని అడగండి. తల ఎత్తడు. "వస్తది" అంటాడు. ఎంత చల్లని మాట! టైము చెప్పి ఆశపెట్టడు, రాదని చెప్పి గుండె ఆపడు. ఆస్పత్రుల్లో ఇట్లాంటి మనిషినొకణ్ని కూర్చోబెడితే సగం రోగాలు అక్కడే తగ్గుతాయి.

నా సంగతే తీసుకోండి. నా పుట్టిల్లు నాగిరెడ్డిపేట. ఊళ్లో బడి ఏడో తరగతి దాకానే ఉండేది. ఎనిమిది చదవాలంటే ఎల్లారెడ్డి పోవాలి. పోవడానికి కొత్తగా బస్సు వేశారన్నారు. మా బాపు నాకు కొత్త సంచి కుట్టించి తెచ్చాడు. రోజూ పొద్దున ఆ సంచి భుజానికి తగిలించుకొని రోడ్డు మీద నిలబడేదాన్ని. వానలు తగ్గినాక వస్తది అన్నారు. కోతలైనాక వస్తది అన్నారు. బస్సు రాలేదు కానీ పెళ్లివారు మాత్రం ఎడ్లబండి మీద ఠంచనుగా వచ్చారు! ఆలోచించండి, ఆ బస్సు వచ్చి ఉంటే నేను పదో తరగతి పాసయ్యేదాన్ని. నిజంగానే పంతులమ్మనయ్యేదాన్ని. ఊరివాళ్ల పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ కళ్లు పోగొట్టుకునేదాన్ని. ఎంత గండం తప్పింది! ఆ సంచిలో ఇప్పుడు అల్లిక దారపు ఉండలు పెట్టుకుంటున్నాను.

ఇంతటి వరం మీద నా కడుపున పుట్టిన పిల్లే కన్ను వేసింది.

లిదియా ఇంజనీరింగు చదివింది. ఆ తరువాత ఎంటెక్కూ చదివింది. మండలాఫీసులో అటెండరుగా చేసే మా ఆయన యాకూబు "ఇగ చాలు బిడ్డా, నౌకరి చూసుకో" అంటాడనుకున్నాను. అనలేదు. నా తరఫున అనవలసినవి ఆయన ఏనాడూ అనడు! పిల్ల హైదరాబాదులో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. దేని మీద? ట్రాన్స్‌పోర్ట్ నెట్‌వర్కుల మీద! ఊరికీ ఊరికీ దారులు ఎట్లా కలుస్తున్నాయి, ఒక బస్సు ఒకచోట ఆగిపోతే ఇంకెక్కడెక్కడ జనం ఎండలో నిలబడతారు, అది కనిపెట్టే చదువట.

నాకు అర్థం కావాలని ఒకరోజు గచ్చు మీద చింతగింజలు పేర్చింది. "ఇది ఎల్లారెడ్డి. ఇది కామారెడ్డి. గిది బీర్కూరు. గా మూలకున్నది పెద్దకొడప్‌గల్." గింజ నుంచి గింజకు నా అల్లిక దారం పరిచింది. "ఇగ చూడమ్మా. ఈడ దారం తీసిన అనుకో, గా మూల ఊర్లకు తొవ్వనే లేదు" అంటూ ఒక దారం లాగింది.

నెట్‌వర్కంటే ఏమిటో నాకు బాగానే అర్థమైంది. దాని మీద ఎవరైనా కాలు జారి పడతారనీ అర్థమైంది. అప్పటికప్పుడే అంతా ఎత్తిపెట్టాను. మరునాడు ఊడుస్తుంటే పెద్దకొడప్‌గల్ మంచం కింద దొరికింది. బీర్కూరు ఇప్పటికీ దొరకలేదు.

దరఖాస్తుతో పాటు సమస్య ఏమిటో రాసి పంపాలట. "బస్సు లేదు అని రాయి, అయిపోతది గద" అన్నాను. అట్లా కుదరదట. పేజీలకు పేజీలు రాయాలట. అంతకుముందు ఈ విషయం మీద ఎవరెవరు ఏమేం రాశారో కూడా చూపాలట. మా దగ్గర రాయనివారెవరు? సర్పంచులు రాశారు, పాస్టరుగారు రాశారు, మసీదు కమిటీ రాసింది, బడిపిల్లలతో కూడా రాయించారు. అన్నీ అర్జీలే. ఒక్కదానికీ జవాబు లేదు. ఇంత సాహిత్యం పోగైన సబ్జెక్టు యూనివర్సిటీలో ఇంకొకటి చూపించండి!

అన్వరి బేగం ఆపా మాత్రం మురిసిపోయింది. "మన లిదియా బస్సులకు డాక్టరైతదా? షాబాష్! ముందుగాల మన రూటు బస్సుకు ఒక సూది వెయ్యమను. దాని దగ్గు వింటుంటే నాకు దమ్మొస్తున్నది" అన్నది.

ఇంటర్వ్యూకు పిలిచారు. ఆ ఏడాది తీసుకునేది ఒక్కరినేనట. ఆ ఒక్కరు మా పిల్ల కాకపోతే? తిండి మానేస్తుందేమో. మంచం పడుతుందేమో. పోనీ సీటు వస్తే? హైదరాబాదులో రోడ్లు కొలుస్తుంటే లారీ గుద్దుతుందేమో! ఏది జరిగినా ఏడవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఒక్కదానికి మాత్రం సిద్ధంగా లేను.

ఆ రోజు పొద్దున్నే తల్లీబిడ్డలం బస్టాండు చేరాం. చేరాక నాకు అనుమానం వచ్చింది. "బాప్తిస్మం కార్డు తెచ్చుకున్నవా?"

"అదెందుకడుగుతరమ్మా?"

"అడిగితే? అంత దూరం పోయినంక లేదంటే పంపించేస్తే? ఉరికి తీసుకరాపో. బస్సు వచ్చేదాక నువ్వు రెండుసార్లు పోయి రావచ్చు."

సర్టిఫికెట్ల ఫైలు నా చేతికిచ్చి ఇంటికి పోయింది. అది మలుపు తిరిగిందో లేదో, బస్సు వచ్చింది.

టైముకు!

బస్టాండు బస్టాండంతా కొయ్యబారిపోయింది. ఛాయ్ తాగేవాళ్లు సాసర్లు పట్టుకొని అట్లాగే నిలబడ్డారు. "నిన్నటిదేమో ఇది" అన్నారెవరో. రాజయ్య ఎంక్వైరీ గదిలోంచి బయటికొచ్చి, బస్సు చుట్టూ తిరిగి బోర్డు చదువుకున్నాడు. డ్రైవరును ఆపమని బతిమాలాను. "టైమైతున్నదమ్మా" అన్నాడు. ఆ మాట ఒక డ్రైవరు నోటినుంచి వినడం నా జన్మలో అదే మొదలు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. బస్సు కిటికీలోంచి సీటు మీద ఏదైనా వస్తువు వేస్తే ఆ సీటు వేసినవాళ్లదే. తువ్వాల వేస్తారు, గొడుగు వేస్తారు, చెప్పు కూడా వేస్తారు. కానీ తువ్వాలను జరిపి కూర్చునే గడుసువాళ్లూ ఉంటారు. నేను లోకం తెలిసినదాన్ని. జరపడానికి ఎవరికీ చెయ్యి రానంత గొప్ప వస్తువు ఏముంది నా దగ్గర? లిదియా ఫైలును కిటికీలోంచి సీటు మీద పెట్టాను. పెట్టి, పిల్లను కేకేయడానికి మలుపు దాకా ఉరికాను.

తిరిగి చూస్తే దుమ్ము ఉన్నది. బస్సు లేదు.

లిదియా రొప్పుకుంటూ వచ్చింది, చేతిలో బాప్తిస్మం కార్డు.

"ఫైలేదమ్మా?"

"సీటు మీద ఉన్నది బిడ్డా."

"సీటేది?"

"కామారెడ్డికి పోయింది."

పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. బాప్తిస్మం కార్డు నా చేతిలో పెట్టింది, అంతే. తరువాతి బస్సు కోసం నిలబడ్డాం. "రాజన్నా, ఎప్పుడే?" అన్నాను. "వస్తది" అన్నాడు. తన కుర్చీలో కూర్చొని ఆ మాట అనగలిగినందుకు ఆయనకు ప్రాణం లేచివచ్చినట్టుంది. ఎండెక్కింది. బస్సు రాలేదు. అన్వరి బేగం ఆపా సంగతి తెలుసుకొని, వడ్ల లారీ నడిపే తన కొడుకు ఘనీని లేపి తీసుకొచ్చింది. ఆ లారీలో కూర్చొని కామారెడ్డి పోయాం. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. అది రోడ్డు చూస్తూనే ఉన్నది. దాని మార్కుల కాగితాల్లో ఈపాటికి ఎవరో పల్లీలు పొట్లం కట్టి అమ్ముకుంటున్నారని నా కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ మాట కూడా అన్నాను. ఘనీయే నన్ను ఆపాడు. "ఖాలా, జర చుప్‌గ కూసో."

కామారెడ్డి బస్టాండులో, తిరుగు ట్రిప్పు కోసం ఆగి ఉన్న ఆ బస్సు కండక్టరు ఫైలుతో ఎదురొచ్చాడు. "నీ సీట్ల ఎవల్నీ కూసోనియ్యలేదమ్మా" అన్నాడు గర్వంగా. బస్సులో కాలు పెట్టే చోటు లేదట. జనం మెట్ల మీద వేలాడారట. ఒక ముసలాయన కూర్చోబోతే "ఎవరో పాపం ఫైలు పెట్టుకున్నరు, కనబడ్తలేదా?" అని పక్కామె కసురుకున్నదట. మా పిల్ల సర్టిఫికెట్లు కామారెడ్డి దాకా హాయిగా కూర్చొని వచ్చాయి. దేశంలో ఇంతటి క్రమశిక్షణ ఇంకెక్కడ ఉంటుంది?

హైదరాబాదు చేరేసరికి పొద్దు వాలింది. పొద్దటి ఇంటర్వ్యూకు! గదిలో ప్రొఫెసర్లు కాగితాలు సర్దుకుంటున్నారు. బయటున్న అటెండరు మా మొహాలు చూసి లిదియాను లోపలికి పంపాడు, నాకు తలుపు దగ్గర స్టూలు వేశాడు. అటెండర్లలో మంచివాళ్లుంటారని మా ఆయన చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

మీరు నాలాగా బెంగపెట్టుకోకూడదని ముందే చెప్పేస్తున్నాను: అడ్మిషన్ ఇచ్చారు. బాప్తిస్మం కార్డు ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఈ పిల్ల నిజంగానే బస్సులన్నీ బాగుచేసేస్తే? దేవవ్వ సంసారం ఏం కావాలి? రాజయ్య ఏం చెప్పుకొని బతకాలి? టైముకొచ్చిన బస్సు ఒక్కపూటలో మాకు ఎంత నష్టం చేసిందో చూశారుగా! రోజూ వస్తే తట్టుకోగలమా? కాబట్టి రాని బస్సే మేలని, దానికి దణ్ణం పెట్టాలని ఈ రచన ముగించవలసినదాన్ని. కానీ తలుపు సందులోంచి విన్న ఒక్క మాట నా వాదనకు అడ్డం పడుతున్నది. అది చెప్పకుండా ముగిస్తే అబద్ధమవుతుంది.

మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి అడిగాడు. "రవాణా మీద పరిశోధన చేస్తానంటున్నావు. పొద్దున రావలసినదానివి ఇప్పుడొచ్చావు. ఇంత ఆలస్యమేమిటమ్మా?"

అయిపోయింది, ఇప్పుడు నా పేరు చెబుతుంది అనుకున్నాను. చెప్పవలసిందే కదా! లోపలికి పోయి నేనే ఒప్పుకుందామని స్టూలు మీద నుంచి లేచాను. తలుపు సందు దాకా పోయాను.

పక్కాయన పెన్నుకు క్యాపు పెట్టేశాడు. పెద్దాయన "చెప్పమ్మా" అన్నాడు. లిదియా మెల్లగా తల తిప్పి తలుపు సందులో నిలబడ్డ నన్ను చూసింది, నా భుజాన వేలాడుతున్న, బాపు కుట్టించిన సంచిని చూసింది. మళ్లీ వాళ్ల వైపు తిరిగింది. ఇంగ్లీషులో కాదు, మా ఇంటి మాటల్లోనే జవాబు చెప్పింది.

"నేను ఒక్క పూటనే లేటైన సార్. మా అమ్మ ఏడో తరగతి కానుంచి ఇంకా బస్సు కోసమే నిలబడి ఉన్నది."