మామగారి ఆఖరి డ్రైవింగూ, అల్లుడి టైమింగూ

ఆదివారం పొద్దున మసనోరికి ఉన్న పని ఒక్కటే. మామగారు ఇసాబురో చేత ఆయన పాత కారును కొండ మీది కనుమ దాకా ఆఖరిసారి నడిపించి తీసుకురావాలి. ఎనభై దాటిన ఆ పెద్దాయన లైసెన్సు వదులుకోవడానికి ఒప్పుకున్నది ఆ షరతు మీదే. ఒప్పించేసరికి ఆయన కూతురు తొమొయెకు తలప్రాణం తోకకొచ్చింది.

ఇసాబురో వయసులో ఉండగా కొన్న ఆ కారు ఇప్పుడు అల్లుడి దగ్గరుంది. మసనోరి ఊరి కార్యాలయంలో గుమాస్తా. పిచ్చి మాత్రం ఇంజన్లది. ఇంజనులోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సరు ఆ గాలి దారికే అడ్డంగా ఉందని ఎప్పుడో పీకేశాడు. అప్పటి నుంచి ఒక సన్నని రబ్బరు గొట్టం చెప్పే పీడనాన్ని బట్టి బండిలోని కంప్యూటరే గాలి ఎంతో అంచనా కట్టుకుంటోంది. ఎంత పెట్రోలు పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో ఆ అంచనా మీదే ఆధారం.

మామగారు నడిపే బండి కదా అని ఇంజను మీది దుమ్మంతా గుడ్డతో తుడిచాడు. తీరా స్టార్ట్ చేస్తే అది నీరసంగా మూలిగి నల్లటి పొగ వదిలింది.

"రవ్వ ఆలస్యంగా పడుతున్నట్టుంది," అన్నాడు ల్యాప్‌టాప్ తగిలిస్తూ.

"నిన్నటిదాకా బానే ఉందిగా. కెలక్కండి," అంది తొమొయె, అన్నం ముద్దలు చుడుతూ.

"కెలకడం కాదు. కాస్త ముందుకి జరుపుతా, అంతే."

జరిపాడు. చాలలేదు. మరికాస్త జరిపాడు. ఇంజనులో కాలకుండా మిగిలిన పెట్రోలు పొగగొట్టంలో అంటుకుని తుపాకీలా పేలింది. పక్కింటి సుగే ముసలమ్మ పోలీసులకు ఫోను చేసింది.

"మా వెనకాల ఎలుగుబంటిని కాలుస్తున్నారు నాయనా. తగిలిందో లేదో కాస్త చూడండి."

కాసేపటికి ఊరి మైకులు మోగాయి. ఎలుగుబంటి దిగిందట, ఎవరూ గడప దాటవద్దట. కనుమ దారి మూసేస్తారేమోనని మసనోరికి గుబులు పుట్టింది. మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని, మూలిగే బండినే బయల్దేరదీశాడు.

కొండ మొదట్లో దారికి అడ్డంగా తాడు. పోలీసు కుజితో పాటు నారింజ రంగు చొక్కాల వేటగాళ్లు నిలబడి ఉన్నారు. బండి ఆగుతూ ఆగుతూ మళ్లీ పేలింది. అందరూ గుంటలోకి దూకారు.

"ఇక్కడే ఉంది, కదలకండి," అన్నాడు కుజి గుంటలోంచి.

బండి ఇంకోసారి పేలింది. గుంటలోని తలలన్నీ మెల్లగా పొగగొట్టం వైపు తిరిగాయి. మసనోరి దిగి, నడుము రెండుగా వంచాడు.

"క్షమించండి. ఆ ఎలుగుబంటిని నేనేనండీ."

"ముందు ఆ మూత తెరిచి చూడవయ్యా," అన్నాడు కుజి, మోకాళ్ల మట్టి దులుపుకుంటూ.

తెరిస్తే రబ్బరు గొట్టం ఊడి వేలాడుతోంది. పొద్దున తన గుడ్డే దాన్ని లాగేసింది. గుచ్చగానే ఇంజను పిల్లిలా గుర్రుమంది. సిగ్గూ సంబరమూ కలిసి, అంతసేపూ ముందుకు జరిపిన రవ్వను మళ్లీ వెనక్కి జరపాలన్న మాట మసనోరి మరిచిపోయాడు.

కుజి దారికి అడ్డం కట్టిన తాడు విప్పించాక, ఇసాబురో తెల్ల చేతితొడుగులు వేసుకుని స్టీరింగు పట్టాడు. మొదటి ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. లోపల రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టయింది.

"అదేం చప్పుడు బాబూ?"

రవ్వ వేళకు ముందే పడుతోందని మసనోరికి తెలిసిపోయింది. "కాలు తీసేయండి మామయ్యా," అనేలోపే తెల్లటి పొగ కమ్మింది. పిస్టనుకు చిల్లు పడింది.

వేటగాళ్ల ట్రక్కుకు తాడు కట్టి బండిని ఇంటిదాకా లాగించారు. ఇసాబురో సీటు వదలలేదు. ప్రతి మలుపులో ఆయన చెయ్యి అలవాటుగా గేరు మీదికి వెళ్లి, ఊరకే తిరిగొచ్చేది. అది చూడలేక మసనోరి దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు.

"నన్ను మన్నించండి మామయ్యా. చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు ఇంటి ముందు.

"పోనీలే," అన్నాడు ఇసాబురో, తొడుగులు విప్పుతూ.

"నాన్నా, రేపు పొద్దున్నే పోలీసు స్టేషనుకి వెళ్లి లైసెన్సు ఇచ్చేద్దాం," అంది తొమొయె.

"రేపెందుకమ్మా? ఆఖరిసారి నడిపాక ఇస్తానన్నాను. ఇవాళ నడిపింది తాడు కదా. బండి బాగవనీ."

తొమొయె మొగుడి వైపు చూసింది. అలాంటి ఇంజను ఇప్పుడు ఎక్కడా దొరకదని చెప్పే ధైర్యం మసనోరికి లేకపోయింది.

సాయంత్రం ఇసాబురో రోజూ వాడే తన చిన్న ట్రక్కు తానే నడుపుకుంటూ వెళ్లి, ఎడమవైపు ఇండికేటరు వేసి కుడివైపు తిరిగాడు.