నాలుగో డిగ్రీలో గోడ పడదు

భూకంపాన్ని కొలవడానికి యంత్రాలెందుకండీ? నేనున్నాను కదా!

నవ్వకండి. భూమి కదిలితే సూదితో గీతలు గీసే యంత్రం ఒకటి ఉందట. అది ఎక్కడో పెద్ద పట్నంలో గాజు పెట్టెలో దర్జాగా కూర్చుని ఉంటుంది. పాకాలలో మా రైలు కట్ట వీధి ఎంత ఊగిందో దానికేం తెలుసు? ఆ సంగతి తెలియాలంటే దొరలైనా సరే, ఆ వీధిలో కాపురముండే మనిషిని అడగాల్సిందే. అడిగారు కూడా! అచ్చువేసిన ఫారం పంపి మరీ అడిగారు.

ఆ ఫారం చేతికందిన రోజు నుంచి నాకు భూకంపాలంటే ఎనలేని గౌరవం కలిగింది. ఏడాదికొకటి వచ్చినా దేశానికి మంచిదేనని నా అభిప్రాయం.

ఎందుకంటారా? నలభై ఆరేళ్లుగా ఈ భూమ్మీద బతుకుతున్నాను. జనాభా లెక్కలవాళ్లు వచ్చి ఇంట్లో ఎందరని అడిగారు. రేషను వాళ్లు వచ్చి ఎంత తింటారని అడిగారు. అంతేగాని, "అయ్యా, తమరికి భయం వేసిందా?" అని ఏ ప్రభుత్వమైనా ఏనాడైనా అడిగిందా? ఈ ఫారం అడిగింది! పదకొండో ప్రశ్న. జవాబు రాసుకోవడానికి రెండు గీతల చోటు కూడా వదిలారు. కళ్ల నీళ్లు తిరిగాయంటే నమ్మండి.

దీని లెక్క కూడా బహు సొగసైనది. భూమి ఊపుకు ఒకటి నుంచి పన్నెండు దాకా డిగ్రీలు. ఒకటో డిగ్రీ వస్తే ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియనిది వచ్చినట్టు ఎలా తెలుస్తుందని నన్నడగకండి, ఫారంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. మూడో డిగ్రీ అంటే వీధిలో బండి పోయినట్టుంటుంది. నాలుగులో ఉట్టి ఊగుతుంది, గిన్నెలు గలగలమంటాయి. అయిదులో నిద్రపోయేవాడు లేస్తాడు. ఆరులో జనం భయపడి బయటికి పరుగెత్తుతారు, నాసిరకం గోడలు దెబ్బతింటాయి. అలా పోయి పోయి పన్నెండుకొస్తే ఇక ఊరే ఉండదు. అప్పుడు ఫారం ఎవరు నింపుతారో, నింపినా ఏ పోస్టుడబ్బాలో వేస్తారో నాకిప్పటికీ బోధపడలేదు.

నేను బోర్డు స్కూలు హెడ్మాస్టర్ని. పిల్లలకు మార్కులు వేసి వేసి విసిగినవాణ్ణి. సాక్షాత్తు భూదేవికి మార్కులెయ్యమంటే ఎవరికి చేదు?

కొన్ని ప్రశ్నలు మాత్రం మన వైపు ఇళ్లెలా ఉంటాయో చూడనివాళ్లు రాసినట్టున్నారు. "పొగగొట్టములు విరిగినవా?" పాకాలలో పొగగొట్టాలన్నీ రైలింజన్లకే ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. విరక్కపోగా ఒకటి తిరుపతికీ ఇంకొకటి కాట్పాడికీ టైము ప్రకారం వెళ్లిపోయాయి. అదే రాశాను. "బీరువాలలోని పుస్తకములు పడినవా?" మా బడి బీరువా తాళంచెవి పోయి మూడేళ్లయింది. లోపల పడ్డాయో నిలబడ్డాయో ఆ పుస్తకాలకే తెలియాలి. అదీ రాశాను. ఇంతవరకు నేను రాసినదంతా అక్షరాలా సత్యం.

ఇక్కడి నుంచే కొంచెం మొహమాటంగా ఉంది. అయినా చెప్పక తప్పదు.

భూమి కదిలింది ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు. అంతకు ముందు వారమే నేను స్టేషను ముందర ఏ.ఆర్.పి. వార్డెన్ హోదాలో, అనగా శత్రువుల విమానాలొచ్చి బాంబులేస్తే జనం ఏం చెయ్యాలో నేర్పే పెద్దమనిషి హోదాలో, గంటసేపు ఉపన్యసించి ఉన్నాను. "పరుగెత్తవద్దు! ఆడవారిని ముందు కాపాడండి! నిబ్బరం, నిబ్బరం, నిబ్బరం!" అని మూడుసార్లు బల్ల గుద్దాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ ఆదివారం భోంచేసి నడవలో మంచమ్మీద నడుం వాల్చాను. మంచం కదిలింది. మరుక్షణం నేను వీధిలో ఉన్నాను. నడుమ ఏం జరిగిందో నాకే తెలియదు. నా పంచె సగం మంచం కోడుకే చిక్కుకుని ఉండిపోయింది.

అంతవరకే అయితే మీరు క్షమించేవారే. కాని మా వీధిలో కోతుల పీడ ఉంది. గడప దాటిన మనిషి వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి పెట్టి తలుపులాగి, బయట గొళ్లెం వేసేస్తాడు. వెయ్యలేదా, అన్నం కుండ కోతులపాలు! పుట్టింది మొదలు వస్తున్న అలవాటిది. దీనికి చెయ్యి ఉంటే చాలు, బుర్రతో పనిలేదు. నా చెయ్యి దాని పని అది చేసింది. తలుపు లాగింది, గొళ్లెం వేసింది.

లోపల మా ఆవిడ పంకజాక్షి ఉంది.

భూమి ఊగింది మహా అయితే ఇరవై సెకండ్లు. మా తలుపు మాత్రం ఆగలేదు. దడదడ, దడదడ, అయిదు నిమిషాలు! "అబ్బ, ఏం భూకంపమప్పా ఇది!" అని సగం పంచెతో నడివీధిలో నిలబడి నేను ఆశ్చర్యపోతున్నాను.

ఎదురింటి కుప్పమ్మ పరుగెత్తుకొచ్చింది. స్టేషన్లో ఉడకేసిన చెనిక్కాయలు అమ్ముకుని బతికే మనిషి. మొగుడు లేడు. మట్టిగోడల ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

"అయ్యోరా! భూకంపం యాడిదీ, లోపల అమ్మగోరు కొడతాండాది తలుపు!" అని గొళ్లెం తీసింది.

ఆమె చెయ్యి ఇంకా మా గొళ్లెం మీదే ఉంది. అప్పటికే నెర్రెలిచ్చి ఉందేమో, ఆమె ఇంటి పడమటి గోడ దబ్బున కూలింది. సరిగ్గా పొయ్యి పక్కన, ఆమె కూర్చుని కాయలు ఉడకేసే చోటనే. కుప్పమ్మ అటు చూసింది. ఇటు నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"నువ్వు గొళ్లెం పెట్టబట్టి బతికినా సామీ!"

ఎగతాళి కాదండీ. నిజంగానే పెట్టింది. ఎగతాళి అయితే నాకిన్ని రోజులు నిద్ర పట్టేది.

పదో రోజున ఫారం వచ్చింది. తలుపులు ఎంతసేపు చప్పుడు చేసినవి? భయం వేసినదా? ఎవరైనా బయటికి పరుగెత్తిరా? అన్నిటికన్నా పైన, నింపినవారి పేరు, హోదా. రాశాను. హెడ్మాస్టరు, ఏ.ఆర్.పి. వార్డెన్. ఆ మాటలు రాసిన కలంతోనే కింద "పరుగెత్తితిని, పెండ్లామును లోపలబెట్టి గొళ్లెము వేసితిని" అని మీరైతే రాస్తారా? గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి!

నేను రాసింది ఇది. తలుపులు: స్వల్పముగా. భయము: లేదు. పరుగెత్తినవారు: ఎవరును లేరు, ప్రజలు నిబ్బరముగా ఉండిరి. చివరి గడిలో గుండ్రంగా నాలుగు అంకె వేశాను. పంకజాక్షి నా భుజం మీదుగా చూసి, "నాలుగా?" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆ పూట పులుసులో ఉప్పు కూడా లేదు.

నాలుగైతే ఏం, ఆరైతే ఏం, ఎవరికి నష్టం అనుకున్నాను. నష్టం ఎవరికో రెవిన్యూ ఇన్స్పెక్టరు దేవరాజులు గారు వచ్చి చెప్పారు.

ఆరో డిగ్రీ, ఆపైన ఊగిన ఊళ్లలో ఇల్లు కూలినవాళ్లకు ఫారెస్టు డిపో నుంచి రెండు దూలాలు, పాతిక వెదుళ్లు ఇప్పించమని ఆర్డరొచ్చిందట. ఈ యుద్ధం రోజుల్లో పర్మిట్టు లేకుండా వెదురుపుల్ల కూడా దొరకదు. దేవరాజులు గారు నా ఫారం నకలు పట్టుకుని కుప్పమ్మ ఇంటి ముందు నిలబడ్డారు. కోపమెరగని మనిషి. కాగితంలో లేనిది కంటికి కనపడినా నమ్మని మనిషి.

"నాలుగో డిగ్రీలో గోడ పడదమ్మా" అన్నారు నెమ్మదిగా.

"పడింది గదా సామీ. ఇదో, సూడు."

"చూస్తానే ఉన్నా. కానీ పడకూడదు. వానకు నాని పడింటాది."

"వాన యాడొచ్చింది సామీ? మూడు నెలలయ్యె సినుకు పడి!"

"అయితే రైలు అదురుకు పడింటాది. రైల్వే వాళ్లకు అర్జీ పెట్టుకో."

ఆమె వెళ్లి పెట్టుకుంది కూడా. రైలు అదురుకు గోడలు పడవనీ, అది భూకంపం పని అనీ వాళ్లు తేల్చి చెప్పారు. భూమిదీ తప్పు కాదు, రైలుదీ తప్పు కాదు. ఇక మిగిలింది గోడ ఒక్కటే!

దేవరాజులు గారు మాట్లాడుతున్నంతసేపూ నేను పక్కనే ఉన్నాను. కుప్పమ్మ నావైపు ఒక్కసారి చూసింది. గొళ్లెం సంగతి ఆమె చెప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది. చెప్పలేదు. "అయ్యోరు సదువుకున్నోడు, ఆయన రాసిందే నిజమై ఉంటాది" అనేసి, గోనెసంచులు కుట్టి గోడ చోట వేలాడగట్టుకుంది. తుపాను వానలకు ఇంకా మూడు వారాలు కూడా లేదు. గోనెపట్ట వాననాపుతుందా?

నాకు సిగ్గేసింది. భయం కన్నా సిగ్గు ఎక్కువ డిగ్రీ ఊపుతుందని అప్పుడే తెలిసింది. మర్నాడే తాలూకాఫీసుకు పోయి దేవరాజులు గారి బల్ల ముందు నిలబడి, పంచె దగ్గర్నుంచి గొళ్లెం దాకా అన్నీ ఒప్పేసుకున్నాను. ఆయన నవ్వలేదు. అంతా విని, ఫారం తిరగేసి చూశారు.

"మంచిది హెడ్మాస్టరుగారూ, మీ జవాబు దిద్దుకోవచ్చు. కానీ ఆరో డిగ్రీకి ఏముందో చూడండి. 'అనేకులు భయపడి బయటికి పరుగెత్తుదురు.' మీరొక్కరు పరుగెత్తినారు. ఒక్కరు అనేకులెట్లయితారు?"

"అనేకులంటే ఎంతమందండీ?"

"పదిమందైనా ఉండాల గదా" అన్నారు. "ఇంటి యజమానులు సంతకం పెట్టాల."

ఇదేం పెద్ద పని అనుకుని వీధిలోకి దిగాను. ముందు కుప్పమ్మ పేరు రాయబోయాను. దేవరాజులు గారు చెల్లదన్నారు. ఆమె పరుగెత్తింది మా ఇంటి తలుపు తియ్యడానికి, భయపడి కాదు. పంకజాక్షి, "నేను సాక్ష్యం చెప్తా రండి" అంది. ఆమె సాక్ష్యమూ చెల్లదు. ఆమె అసలు బయటికే రాలేదు కదా! ఎందుకు రాలేదో ఫారంలో అడగలేదు.

ఇక మగవాళ్లు. స్టేషన్లో రైళ్లను ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్స్‌మన్ చెంగయ్యను అడిగాను. ఆ రోజు నా కళ్లముందే, పచ్చజెండా పట్టుకుని, పాదరక్షలు లేకుండా పట్టాల దాకా పరుగెత్తిన మనిషి.

"నేను పరిగెత్తలేదప్పా. మిలిటరీ గూడ్సు వస్తాండాదనుకోని డ్యూటీకి పోయినా!"

"ఆ రోజు నీకు సెలవు కదయ్యా!"

"డ్యూటీ మీద బక్తి ఉండేటోనికి సెలవేంది?"

ఒకాయన దొడ్డికి వెళ్లానన్నాడు. ఒకాయన బర్రె తాడు తెంచుకుందన్నాడు. ఆయనకు బర్రె లేదు. ఇంకొకాయన, జనం ఎందుకు పరుగెత్తుతున్నారో చూద్దామని వాళ్ల ముందు పరుగెత్తాడట! ఇన్ని రకాలుగా బయటికి వచ్చినవాళ్లున్నారు గాని, భయపడి వచ్చినవాడు ఈ వీధిలో ఒక్కడూ లేడు. వీరభూమి అంటే ఇదే కాబోలు!

అందుకే ఈ వారం ఈ పత్రిక ముఖంగా నా వాంగ్మూలం ఇస్తున్నాను. నేను, సుందరరాజు, హెడ్మాస్టరు, ఏ.ఆర్.పి. వార్డెన్, భూకంపానికి భయపడి పరుగెత్తాను. మా ఇంటి తలుపు అయిదు నిమిషాలు చప్పుడు చేసింది. అది పంకజాక్షి కొట్టిన చప్పుడు. అయిదు కాదు పది నిమిషాలని ఆమె పక్కన నిలబడి అంటోంది. అదీ రాస్తున్నాను.

అయ్యలారా! నేను వీధిలోకొచ్చేసరికి నాకంటే ముందు వచ్చినవాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. లెక్కపెట్టాను. పేర్లు రాయను, మీ పేర్లు మీకు తెలుసు. భయపడ్డామని ఒక్క మాట రాసి సంతకం పెడితే మీసాలేం రాలిపోవు. నావి ఇంకా ఉన్నాయి, వచ్చి చూసుకోండి.

నిన్న సాయంత్రం కుప్పమ్మ గోనెపట్ట పక్కకు తీసి, కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్న నన్ను పిలిచింది.

"ఊరకుండు సామీ. ఎందుకు అందర్నీ బతిమాలతావు? మొగోళ్ల మానం నిలబడితే సాలు. నా గోడ పడుంటే ఏమి!"

ఇంకా తొమ్మిది సంతకాలు కావాలండీ.