మేకుల సందులో పద్నాలుగో నంబరు

ఆ గురువారం ఉదయం ఆస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, గొడుగు తీసుకుని, తాను రాసిన పుస్తకం చేత్తో పట్టుకుని ఊరంతా ఒకసారి తిరిగి రావాలి. ఊరు బెర్గెన్. బయట వాన. అందులో విశేషమేమీ లేదు.

పుస్తకమంటే పదహారు పేజీలది. పేరు ‘మీ అంతట మీరే’. గైడు అక్కర్లేకుండా పాత ఊళ్లోని పన్నెండు చారిత్రక స్థలాలను కాలినడకన చూసుకోవడానికి దారి చెబుతుంది. పాత ఊరి సంఘంలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆస్త్రికి గైడులంటే గిట్టదు. వాళ్లు ప్రతి రాయి దగ్గరా ఆగి ఒక జోకు వేస్తారు. ఆమె పుస్తకంలో జోకులు లేవు. అగ్నిప్రమాదాలు, ప్లేగు, కుష్ఠురోగుల ఆసుపత్రి, ఉరికొయ్య, తలారి ఇల్లు ఉన్నాయి. ఓడల్లో వచ్చే జనం చావుల గురించి చదవడానికి ఎంత వానలోనైనా నిలబడతారని ఆమె అనుభవం. ఆ ఉదయమే రేవులో ఓ పెద్ద ఓడ ఆగింది. కొత్తగా అచ్చయిన పుస్తకాల కట్టలు అప్పటికే రేవులో బల్లమీద పెట్టించింది.

ఎనిమిదో మజిలీ దాకా అంతా సవ్యంగానే జరిగింది. ముందు నడుస్తున్న గొడుగుల గుంపుల చేతుల్లో తన పుస్తకం కనిపిస్తుంటే ఆస్త్రికి లోలోపల గర్వంగా కూడా ఉంది. తొమ్మిదోది మేకుల సందులో తలారి ఇల్లు. నలభై ఒకటో నంబరు. అలవాటైన కాళ్లు ఆమెను అక్కడికే తీసుకుపోయాయి. అక్కడ పిల్లి కూడా లేదు. ముందు వచ్చిన వాళ్లంతా ఏమైపోయారో తెలియక పుస్తకం తెరిచి చూసింది. ‘మేకుల సందు, 14’ అని ఉంది.

మూడుసార్లు ప్రూఫులు దిద్దిన మనిషి ఆమె. నాలుగోసారి కూడా చదివింది, ఆ పేజీ తప్ప.

సందు దిగువన, పద్నాలుగో నంబరు ముందు గొడుగులు బారులు తీరి ఉన్నాయి. ఆ ఇంటి జెండా సగానికి దించి ఉంది. అంటే ఇంట్లో చావు. ఆస్త్రి తడి రాళ్లమీద జారుతూ పరుగు తీసింది.

ఆ ఇంట్లో పోయినాయన హాల్వర్ రోక్నె. ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ పరీక్షలు పెట్టి, వచ్చినవాళ్లలో సగం మందిని ఫెయిల్ చేసినాయన. జనం ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, తలారి అనేవాళ్లు. పరీక్షకి వెళ్తున్నవాడిని ‘నీకెవరు పడ్డారు’ అని అడిగితే, వాడు ‘తలారి’ అన్నాడంటే ఇంక అక్కడి నుంచి పరామర్శ మొదలయ్యేది.

ఆయన కూతురు ఇంగ్విల్‌కి నలభై ఆరేళ్లు. అంత్యక్రియల తర్వాత ఇంట్లో కాఫీ ఉంటుందనీ, ఎవరైనా రావచ్చనీ పేపర్లో వేయించింది. నాన్నని ఎరగనివాళ్లు ఊళ్లో లేరు కదా అని అరవై మందికి సరిపడా రొట్టెముక్కల మీద రొయ్యలు, గుడ్లు పేర్చింది. చర్చికి వచ్చింది పాస్టరు, ఆర్గన్ వాయించే ఆవిడ, తను. శవపేటిక పట్టడానికి ఆరుగురు కావాలి. దొరక్కపోతే అంత్యక్రియల కంపెనీ మనుషులే పట్టారు. తిరిగొచ్చి అరవై రొట్టెముక్కల ముందు ఒంటరిగా కూర్చుంది. ఒంటిగంటకి తలుపు గంట మోగింది.

గుమ్మంలో ఇరవైమందికి పైగా ముసలివాళ్లు నీళ్లోడుతూ నిలబడి ఉన్నారు. డెన్మార్క్ నుంచి ఓడలో వచ్చిన పెన్షనర్ల సంఘం. ముందున్న ఎర్ర ముఖం పెద్దాయన ప్రెబెన్, నలభై ఏళ్లు మాంసం కొట్టు నడిపి మానేసినవాడు. వాళ్ల మాట ఇక్కడివాళ్లకి అంత తేలిగ్గా అర్థం కాదు గానీ, తలారి అన్న మాట మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

“తలారి ఇల్లు ఇదేనాండీ?” అన్నాడు ప్రెబెన్, టోపీ తీసి.

నాన్న మట్టిలోకి దిగి రెండు గంటలు కాలేదు. అయినా ఆ మాట ఇంగ్విల్ చిన్నప్పుడు బళ్లో నుంచి వింటున్నదే. పైగా ఎంత దూరం నుంచో వచ్చినవాళ్లు.

“ఇదేనండీ. లోపలికి రండి. బూట్లు అక్కడ విప్పండి,” అంది.

ఆస్త్రి చేరుకునేసరికి వసారా నిండా తడి బూట్లు. ఇంకో పదిమంది వాకిట్లో బూట్లు విప్పుకుంటున్నారు. చావింట్లోకి బూట్లతో దూసుకుపోవడానికి ఆమెకి మనసొప్పలేదు. తనవీ విప్పి ఆ గుట్టమీద పడేసి, మేజోళ్లతో లోపలికి నడిచింది. ముందుగదిలో అందరి చేతుల్లోనూ కాఫీ కప్పులు, రొట్టెముక్కలు. ప్రవేశం ఉచితమని ఆమే పుస్తకంలో రాసింది. ఇంత ఉచితమని వాళ్లూ అనుకోలేదు.

ప్రెబెన్ అప్పటికే ప్రశ్నల్లో పడ్డాడు.

“ఎన్నేళ్లు చేశారండీ ఈ పని?”

“ముప్పై ఒకటి,” అంది ఇంగ్విల్.

“మొత్తం మీద ఎంతమంది ఉంటారు?”

“ఆరువేల పైచిలుకు. చుట్టుపక్కల దీవుల నుంచి కూడా ఇక్కడికే రావాలి కదా.”

ప్రెబెన్ రొట్టెముక్క కిందపెట్టాడు. “వాళ్లంతట వాళ్లే వచ్చేవాళ్లా?”

“ముందుగా పేరు రాయించుకుని వచ్చేవాళ్లు. నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు కూడా.”

“ఒక్కసారికే అయిపోయేదా?”

“కొందరికి. కొందరు పాపం నాలుగైదుసార్లు వచ్చేవాళ్లు.”

ప్రెబెన్ భార్య బిర్తె వైపు వంగి గొంతు తగ్గించాడు. “నాలుగైదుసార్లంట. నేను గొడ్డుకి రెండో దెబ్బ వేయాల్సి వస్తే ఆ పూట అన్నం సయించేది కాదు.” మళ్లీ ఇంగ్విల్‌ని అడిగాడు, “మరి చేతులు వణికేవి కావా?”

“నాన్నవా? లేదండీ. వణికేవి వాళ్ల చేతులే.”

ఆస్త్రి గోడకి ఉన్న ఫోటో చూసింది. ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. ఆ కనుబొమలు చూడగానే ఆమె పాతికేళ్లు వెనక్కి, తన డ్రైవింగ్ పరీక్ష రోజుకి వెళ్లింది. తప్పుడు నంబరు ఎవరి ఇంటికి పడిందో అప్పటికి గాని తెలియలేదు. ఈలోగా ఇంగ్విల్ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

“మన ఊరివాళ్లలాగే ఉన్నారు. మీరూ నాన్న దగ్గరికి వచ్చినవారేనా?”

అబద్ధం చెప్పడానికి వ్యవధి దొరకలేదు. “మూడుసార్లు,” అంది ఆస్త్రి.

“ఎక్కడ పోయింది?”

“రెండుసార్లు ఎత్తుమీద. మూడోసారి మొదలుపెట్టకముందే.”

పక్కన కూర్చున్న డేనిష్ ముసలాయన ఒకడు ఆస్త్రి మెడ వైపు పరీక్షగా చూశాడు.

“ఇంగ్విల్ గారూ, మీకు ఒక మాట చెప్పాలి,” అంది ఆస్త్రి.

“చెబుదురుగాని. అందరూ చెప్పాలనే నా కోరిక. పొద్దున చర్చిలో ఎవరూ ఏమీ చెప్పలేదు.” ఆమె ఆస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో కప్పు పెట్టింది. “వీళ్లని చూడండి. డెన్మార్క్ నుంచి వచ్చారు. నాన్న ఎప్పుడూ చెప్పనే లేదు, అక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని.”

ఆస్త్రి కాఫీ మింగింది. ఇంకో గుటక తర్వాత చెబుదామనుకుంది. ఆ గుటక తీసుకుంటుండగానే బిర్తె లేచి నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం తెరిచింది. ప్రతి మజిలీ దగ్గరా తమవాళ్లకి పైకి చదివి వినిపించడం ఆవిడ పని. ఆ చదవడం కూడా ప్రార్థన చదివినట్టు, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చదువుతుంది.

“ఈ ఇంట్లో తలారి ఉండేవాడు. ఊరు చెప్పిన పనే చేశాడు. అయినా ఊరు అతన్ని దగ్గరికి రానివ్వలేదు. అతనితో ఒకే బల్ల దగ్గర ఎవరూ తినలేదు. చర్చిలో అతనికి వెనక వేరే బెంచీ. అతని పిల్లలతో ఆడుకోవడానికి ఎవరూ తమ పిల్లల్ని పంపలేదు. అతను పోయినప్పుడు పేటిక పట్టడానికి ఊళ్లో ఆరుగురు దొరకలేదు.”

ఇంగ్విల్ కాఫీ కూజా బల్లమీద పెట్టి, దాని పిడిని వదలకుండా అలాగే నిలబడిపోయింది. కన్నీళ్లు తుడుచుకోలేదు.

“ఎవరు రాశారు ఇది,” అంది. “ఎవరో గాని అన్నీ చూసి రాశారు. నా పుట్టినరోజుకి అమ్మ పన్నెండుమందికి కేకు చేసేది. నేనూ అమ్మా నాన్నా తినేవాళ్లం, మర్నాడు కూడా అదే తినేవాళ్లం.”

బిర్తె కళ్లద్దాల మీదుగా చూసింది. పుస్తకంలో తర్వాతి వాక్యంలో ఉన్న సంవత్సరం పదహారువందల ఎనభై మూడు. ఎదురుగా ఉన్న మనిషి నల్లగౌనులో ఏడుస్తోంది.

“మీరు ఆయనకి ఏమవుతారమ్మా?”

“కూతుర్ని.”

“ఆయన పోయింది ఎప్పుడు?”

“పోయిన శుక్రవారం.”

గదిలో ముప్పైమంది నమలడం ఆపారు. ప్రెబెన్ నోట్లో ఉన్నదాన్ని మింగాలో వద్దో తెలియక బుగ్గలో ఉంచుకున్నాడు. ఆస్త్రి లేచింది. ఇంకో గుటకకి కప్పులో ఏమీ మిగల్లేదు.

“రాసింది నేనండీ. మీ నాన్నగారి గురించి కాదు. మూడువందల ఏళ్ల కిందటి తలారి గురించి. ఆ ఇల్లు ఇదే సందులో పైన, నలభై ఒకటి. అచ్చులో పద్నాలుగు పడింది. చూసుకోవాల్సిందాన్ని నేనే, చూసుకోలేదు.”

ఇంగ్విల్ కూజా పిడి వదిలింది. “అయితే వీళ్లు నాన్న కోసం రాలేదు.”

“లేదండీ.”

“మీరు?”

“తప్పు దిద్దడానికి వచ్చాను.”

ఎవరూ కదల్లేదు. కదలాలన్నా బూట్లు వసారాలో కలిసిపోయి ఉన్నాయి. చివరికి ప్రెబెన్ బుగ్గలోది మింగి, టోపీ ఒళ్లో పెట్టుకుని అన్నాడు, “అమ్మా, తెలియక తిన్నాం. తిన్నాక లేచి వెళ్లిపోవడం మర్యాద కాదు. మీ నాన్నగారు ఏం పనిచేసేవారు?”

“డ్రైవింగ్ పరీక్షలు పెట్టేవారు.”

“ఓహో,” అన్నాడు ప్రెబెన్. ఆరువేలమంది ఒక్కసారిగా బతికి లేచినంత తేలికగా అతని ముఖం వదులైంది. వెంటనే, అది చావిల్లు కదా అని గుర్తొచ్చి, మళ్లీ బిగించుకున్నాడు.

బిర్తె మాత్రం అడిగింది, “అంత కఠినంగా ఎందుకుండేవారమ్మా?”

“ఉద్యోగంలో చేరిన ఏడాది చేపలమ్మే ఆయన్ని ఒకాయన్ని పాస్ చేశారు. బ్రేకు మీద కాలు సరిగా పడటం లేదని నాన్నకి తెలుసు. బండి లేకపోతే బతుకుతెరువు లేదని ఆయన బతిమాలాడు. తొమ్మిదో రోజున వాలులో ఒక ముసలావిణ్ణి గుద్ది చంపాడు. నాన్న ఆవిడ అంత్యక్రియలకి వెళ్లి వెనకాల నిలబడి వచ్చారు. ఆ తర్వాత ఎవరు బతిమాలినా వినలేదు. ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడేవారు కాదు.”

బిర్తె పుస్తకం మూసింది. అప్పుడు గంట మోగింది.

గుమ్మంలో ఎదురింటి మాగ్నీ, డెబ్భై రెండేళ్ల మనిషి, చేతిలో సగం కోసిన బాదం కేకుతో. వెనక సందులోవాళ్లు తొమ్మిదిమంది, ముస్తాబై, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. పొద్దున్నుంచి ఆవిడ తెర పక్కకి తీసి చూస్తూనే ఉంది. ముందు ఎవరూ రాలేదు. అది అనుకున్నదే. తర్వాత గొడుగులు, గొడుగుల వెనక గొడుగులు. పరాయి దేశంవాళ్లు, మాటని బట్టి డెన్మార్క్‌వాళ్లు. ఆవిడకి భయం వేసి ఇంటింటికీ ఫోన్ చేసింది.

“ఇంతమంది వస్తారనుకోలేదమ్మాయ్,” అంది మాగ్నీ. “డెన్మార్క్ నుంచి వచ్చారంటగా. ఎదురింట్లో ఉండి మేం రాకపోతే ఏం బావుంటుంది. కేకు కొంచెం తిన్నాం, ఏమనుకోకు.”

ఇంగ్విల్ ఆస్త్రి వైపు చూసింది. ఆస్త్రి నోరు తెరిచి మళ్లీ మూసేసింది. తెలిసిన తప్పును దిద్దకుండా వదిలేయడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి. డేనులు సర్దుకుని చోటిచ్చారు.

కాసేపట్లో గదిలో ఊరిమాట మొదలైంది. ఒకాయన తనకి రెండుసార్లు పరీక్ష పోయిందన్నాడు. ఒకావిడ పెళ్లిగౌనులో వెళ్లి పోగొట్టుకున్నానంది. “నన్ను ఏడుసార్లు ఫెయిల్ చేశాడు మీ నాన్న. ఎనిమిదోసారికి పాసయ్యాననుకో,” అంది మాగ్నీ, కొంచెం గొప్పగానే. ఇంగ్విల్ కేకు కోసి పంచుతూ అందరిదీ విన్నది. ప్రేమగా మాట్లాడింది ఒక్కరూ లేరు. కానీ అందరికీ ఆయన గుర్తున్నాడు, చొక్కా గుండీలతో సహా.

ప్రెబెన్ గడియారం చూసుకునేసరికి నాలుక్కి ఇరవై నిమిషాలు తక్కువ. నాలుగింటికి ఓడ కదులుతుంది. వాన జోరందుకుంది. ముసలి కాళ్లు, తడి రాళ్లు, పైగా బూట్ల గుట్ట. ఎవరి బూట్లు ఎవరికి పట్టాయో చూసుకునే తీరిక లేదు. సందు చివర కార్లున్నాయని ఊరివాళ్లు ముందుకొచ్చి తలా నలుగురిని తీసుకుపోయారు. వాళ్లంతా క్షేమంగా చేరారు. ప్రెబెన్, బిర్తె, తమవి కాని బూట్లతో మాగ్నీ కారులో వెనక కూర్చున్నారు. వాళ్ల పక్కన ఆస్త్రి ఇరుక్కుంది. సాగనంపి వస్తానని ఇంగ్విల్ ముందు కూర్చుంది.

మొదటి మలుపులో పక్క అద్దం పోయింది. రెండో మలుపు ఒకే దిశలో పోవాల్సిన వీధి, ఆ దిశ ఇది కాదు. చేపల బజారు దగ్గర కుక్కతో రోడ్డు దాటుతున్న పెద్దమనిషి కుక్కని చంకలో పెట్టుకుని గెంతాడు. మాగ్నీ దారంతా వెనక్కి తిరిగి బిర్తెకి బాదం కేకు చేసే విధానం చెబుతూనే ఉంది. రేవు వచ్చింది. రేవు అయిపోయింది కూడా. కారు ముందు భాగం గట్టు దాటి గాల్లో నిలబడి ఆగింది. అద్దంలోంచి సముద్రం తప్ప ఏమీ కనిపించలేదు.

“పది నిమిషాలు ముందే తెచ్చాను,” అంది మాగ్నీ.

ప్రెబెన్ పట్టుకున్న పిడి తలుపు నుంచి ఊడి అతని చేతిలోకి వచ్చేసింది.

“అమ్మా,” అన్నాడు సన్నని గొంతుతో, “ఈవిణ్ణి పాస్ చేసింది మీ నాన్నగారేనా?”

ఇంగ్విల్ నీళ్లవైపే చూస్తూ చెప్పింది.

“కాదండీ. ఎనిమిదోసారి నాన్న సెలవులో ఉన్నారు.”