రోలు పక్కన గొయ్యి

ఆ పొద్దున జ్యోతిర్మయి వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు కోటిరత్నమ్మ నల్లపాడులో కూతురింటికి వెళ్ళారు, సాయంత్రం బస్సుకు వస్తారు. ఆలోపల వంటింటి గట్టు కింద ఉన్న చెక్క అరల్లో మూడు ప్లగ్గులు పెట్టించేయాలి. ఒకసారి పెట్టాక పీకించడం ఎవరి తరం?

ఇంత గుట్టు ఎందుకంటే, అయిదేళ్ళ కిందట కోటిరత్నమ్మ తడిచేత్తో మిక్సీ పట్టుకుని షాకు తిన్నది. లేచీ లేవగానే, తను బతికుండగా వంటింట్లోకి కరెంటు రావడానికి వీల్లేదని చెప్పేసింది. మిక్సీ అటకెక్కింది. కోడలు రోలెక్కింది. అప్పటినుంచి ఇడ్లీ అన్న మాట వింటే జ్యోతిర్మయికి భుజం లాగేది. భర్త శ్రీకృష్ణకు అంతా తెలుసు. తెలిసే, అమ్మ వచ్చేసరికి ఊళ్ళో ఉండకూడదని మిరపకాయల లారీ వెంట గుంటూరు యార్డుకు వెళ్ళిపోయాడు, మహానుభావుడు.

ఎలక్ట్రీషియన్ బుడే పొద్దున్నే వచ్చాడు గానీ, అరలకేసి చూడకుండా పెరట్లోకి నడిచాడు.

"ముందు గొయ్యి తియ్యాలమ్మా. ఎర్తు లేకుండా అరలో ప్లగ్గు పెడితే పాముని పెట్టినట్టే. కరెంటాఫీసు రూలు కూడా అదే. స్టవ్వుకీ సింకుకీ ఎడంగా ఉండాలి, మూడు కాళ్ళ ప్లగ్గులే పెట్టాలి. గోతిలో బొగ్గులూ ఉప్పూ పోసి నీళ్ళు పెట్టాలి."

"ఎక్కడ తియ్యాలి?"

"చెమ్మగా ఉండేచోట. ఇదిగో, ఈ రోలు పక్కన బాగుంది."

కొంప మునిగింది అక్కడే. ఎందుకంటే పప్పు రుబ్బిన ప్రతిసారీ కోటిరత్నమ్మ వీధంతా వినేలా ఒక మాట అనేది: "నేను పోతే నన్ను తగలెయ్యొద్దు. ఈ రోలు పక్కనే గొయ్యి తీసి పెట్టండి." దానికితోడు, ఎక్కడికని ఎవరైనా అడిగితే ప్రయాణం చెడుతుందని చెప్పాపెట్టకుండా తెల్లవారుజాము బస్సెక్కే అలవాటు ఆవిడది. నల్లపాడు వెళ్ళిన సంగతి వీధిలో ఎవరికీ తెలియదు.

గొయ్యి నిలువెత్తు దిగాక పక్కింటి యలమందయ్య గోడ మీదుగా తొంగి చూశాడు. గొయ్యి కనిపించింది. పక్కన ఉప్పు బస్తా కనిపించింది. ప్లగ్గుల కోసం బుడే అరల చెక్క కోసిన పొట్టు కళ్ళలో పడి, ముక్కు చీదుకుంటూ నిలబడ్డ జ్యోతిర్మయి కనిపించింది.

"ఏంటమ్మాయ్, మా వదిన అలికిడి లేదు?" అన్నాడు గొంతు తగ్గించి.

ఇతని నోట్లో నువ్వుగింజ నానదని జ్యోతిర్మయికి తెలుసు. "ఎవరితో అనకండి మావయ్యగారూ. సాయంత్రంలోగా పూడ్చేస్తాం" అంది.

"మరి అబ్బాయి?"

"ఆయనకి తెలుసండి. మిరపకాయలు అమ్ముకుని వస్తానన్నారు."

యలమందయ్యకు కడుపు రగిలిపోయింది. కన్నతల్లి పోతే కాయలమ్ముకుంటాడా? ఎవరితో అనొద్దన్న మాటతో సహా ఊరంతా చెప్పాడు. యార్డుకు ఫోన్ చేయించాడు. షామియానా తెప్పించాడు. ఇంట్లో బుడే డ్రిల్లు మోతకు జ్యోతిర్మయికి ఇవేవీ వినిపించలేదు. ఆవిడ ముఖం కడుక్కోవడానికి బయటికి వచ్చేసరికి ముంగిట సగం ఊరుంది. ఎదురింటి రెబ్కా టీచరు వాటేసుకుని, "ఏడవమ్మా, ఏడిస్తే తేలికవుతుంది" అంది.

"ఎవరు పోయారండీ?" అంది జ్యోతిర్మయి, బిత్తరపోయి.

"పాపం, మతి చలించింది" అన్నారు వెనకెవరో.

సరిగ్గా అప్పుడు సత్తెనపల్లి బస్టాండు నుంచి ఆటో వచ్చి ఆగింది. అందులోంచి సాయంత్రం రావలసిన కోటిరత్నమ్మ దిగింది. షామియానా చూసి గుండెలు బాదుకుంటూ లోపలికి పరిగెత్తింది. జనం నోళ్ళు తెరుచుకుని దారి ఇచ్చారు. కోడలు క్షేమంగానే కనిపించింది. కొడుకు యార్డులో ఉన్నాడంది. ఊపిరి పీల్చుకుని పెరట్లోకి వెళ్ళి చూస్తే, రోలు పక్కన గొయ్యి. ఆవిడ అడుగు ఠక్కున ఆగిపోయింది.

"అది నా చోటు గదా. ఎవర్ని పెడతన్నారు అందులో?"

యలమందయ్య గోడ పట్టుకుని, "నిన్నే వదినా" అన్నాడు సన్నగా.

ఇక దాచి లాభం లేదు. జ్యోతిర్మయి ప్లగ్గులూ, ఎర్తూ, ఉప్పూ అన్నీ చెప్పేసింది. కోటిరత్నమ్మ వంటింట్లోకి వెళ్ళి, వంగి ఒక్కో అరా తెరిచి చూసింది. పీకెయ్యమంటుందని జ్యోతిర్మయి కళ్ళు మూసుకుంది. అయిదేళ్ళ భుజం నొప్పీ ఒక్కసారి సలిపింది.

"ఇందులో గ్రైండరు పడుతుందా?" అంది అత్తగారు.

"ఏ గ్రైండరండీ?"

"ఆటోలో ఉంది." ఆవిడ చూపు తిప్పుకుంది. "నల్లపాడులో మీ వదినింట్లో రుబ్బి చూశా. షాకు కొట్టలా. ఎర్తు ఉందంట. ఇన్నేళ్ళు నీ చేత రోలు తిప్పించి, ఇప్పుడు ఏ మొహంతో తేవాలా అని దారంతా ఒకటే దిగులు. నువ్వు పొలంలో ఉండగా లోపల పెట్టేద్దామని ముందు బస్సుకే వచ్చా."

జ్యోతిర్మయికి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

కాసేపటికి శ్రీకృష్ణ "అమ్మా" అని బావురుమంటూ వచ్చి పడ్డాడు. ఎదురుగా అమ్మ.

"కాయలు అమ్మావా, వదిలేసొచ్చావా?" అంది.

"వదిలేసొచ్చానే" అన్నాడు వాడు వెక్కుతూ.

కోటిరత్నమ్మ తిట్టబోయి, కొంగుతో వాడి ముఖం తుడిచింది. తర్వాత జనం వైపు తిరిగి, "పని మానుకుని వచ్చారు, ఎవరూ పోవద్దు. అమ్మాయ్, మినప్పప్పు నానబెట్టు" అంది.

పొద్దు వాలేసరికి ఎర్తు గొయ్యి పూడింది, గ్రైండరు తిరిగింది, షామియానా కింద విస్తళ్ళు పడ్డాయి. "సొంత పెద్దకర్మ గారెలకి సొంతంగా పప్పు రుబ్బుకున్న మనిషిని ఇంతవరకు చూళ్ళేదు వదినా" అంటూ యలమందయ్య ఇంకో రెండు వేయించుకుని, ఇంట్లో ఉప్పంతా గోతిలోనే పోసినట్టున్నారని గొణిగాడు.