లమీన్ గర్గూరి రక్తానికి పెట్టిన చుక్క

మనిషి రక్తం ఆ మనిషిదే అయినా, అందులో ఏముందో అర్థం చేసుకునే అధికారం మాత్రం అతనికి లేదని స్ఫాక్స్ పట్నంలోని మా బీమా క్లినిక్ ఏనాడో తేల్చేసింది.

లమీన్ గర్గూరికి అరవై మూడేళ్లు. ఆలివ్ నూనె మిల్లులో రుచి చూసి నాణ్యత చెప్పే పని చేసి రిటైరయ్యాడు. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించుకుంటే, కాగితం మీద 5.1 అని వచ్చింది. పక్కన 'నాలుగు లోపు' అని అచ్చువేసి ఉంది. రెంటికీ మధ్య ఒక నల్లచుక్క.

"ఈ చుక్కేంటమ్మా?" అని క్లినిక్ కౌంటరు కిటికీలో కూర్చునే సల్వా మేడమ్‌ని అడిగాడు.

"చుక్క పెట్టడం వరకే మా పని. అర్థం డాక్టరు చెప్తారు."

"డాక్టరెప్పుడు?"

"అర్జంటు కేసు కదా, నెలా పదిరోజులు."

ఆ నెలా పదిరోజులూ వ్యాఖ్యాన బాధ్యతను కాఫీ కొట్టు స్వీకరించింది.

"మా బావమరిదికి తొమ్మిదొచ్చింది. ఇప్పటికీ సముద్రంలో ఈదుతున్నాడు" అన్నాడు ఒకాయన.

"మా పక్కింటాయనకి రెండే. పోయినేడు పోయాడు" అన్నాడు ఇంకొకాయన. (ట్రాక్టరు బోల్తాపడి పోయాడని వారం తర్వాత తెలిసింది.)

లమీన్ ఇంటికి వెళ్లి, తను పోయాక ఇబ్బంది పడకూడదని, గ్యాస్ ఎలా కట్టెయ్యాలో భార్య సువాద్‌కి ఓపిగ్గా నేర్పాడు.

"ముప్పయ్యారేళ్లుగా దాని మీద వండుతున్నది ఎవరనుకున్నావ్?" అందామె. తర్వాత వంటింట్లో కుళాయి చాలాసేపు పారింది. గిన్నెలు కడిగిన చప్పుడు మాత్రం రాలేదు.

డాక్టర్ ఇనెస్ కాగితం చూసి, "పరీక్షకి ముందురోజు ఏం చేశారు?" అని అడిగింది.

"సైకిలు మీద ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మహ్రెస్ ఊరిదాకా వెళ్లొచ్చాను. పరీక్షలో ఆరోగ్యంగా కనిపించాలని."

"దానివల్ల కూడా అంకె పెరగొచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, వయసుతో గ్రంథి పెద్దదైనా పెరుగుతుంది. నాలుగు దాటితే క్యాన్సరని కాదు, దాటకపోతే లేదనీ కాదు. ఆరు వారాలాగి మళ్లీ చేయిద్దాం. ఆ పరీక్షకి ముందు రెండు రోజులు సైకిలెక్కకండి."

"ఈ ముక్క కాగితం మీద రాయొచ్చు కదమ్మా?"

"జాగా లేదు." (సగం కాగితం నిండా రోగులకు అవగాహన కల్పించడమే తమ ధ్యేయమని ఉంది.)

రెండోసారి 3.2 వచ్చింది. చుక్క లేదు. సువాద్ కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూసి, గోడవైపు తిరిగి కూర్చుంది. అంకె ఏటేటా ఎటు నడుస్తోందో చూడాలి, వచ్చే ఏడు తప్పకుండా రమ్మని డాక్టర్ చెప్పింది.

వచ్చే ఏటి తేదీ తీసుకుందామని లమీన్ కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"చుక్క లేనివాళ్లకి అపాయింట్‌మెంట్ ఇవ్వం" అంది సల్వా మేడమ్.

"డాక్టరమ్మే రమ్మంది."

"రూలు ఆవిడకీ వర్తిస్తుంది."

అతని మొహం చూసి ఆమెకి జాలేసింది. గొంతు తగ్గించి ధైర్యం చెప్పింది.

"అంత దిగులెందుకు బాబాయ్? వయసు మీద పడుతోందిగా, చుక్క అదే వస్తుంది లెండి."