చెప్పులతో లోనికి రావచ్చును

2003వ సంవత్సరం విజయదశమి నాడు మా ఊరు అభివృద్ధి చెందింది. ఉదయం మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఆ పని పూర్తిచేశారు.

అంతకుముందు మాది కూడా నిడదవోలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలాంటిదే. సరుకులు కావాలంటే తాతాజీ కొట్టుకి వెళ్ళేవాళ్ళం. వీధిలోనే నిలబడి, బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు బియ్యపు గింజలు పటుక్కున కొరికి, పాతవో కొత్తవో తేల్చేవాళ్ళం. బెల్లం ముక్క చప్పరించేవాళ్ళం. తూకం అయ్యాక కొసరు కింద ఇంకో గుప్పెడు వేయించుకుని ఇంటికి వచ్చేవాళ్ళం. ఇది అనాగరికమని అప్పటికి మాకెవరూ చెప్పలేదు.

చెప్పింది శ్రీనివాసరాజు గారు. ఆయనకి భీమవరం అవతల రొయ్యల చెరువులుండేవి. తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలు పోయాయి. రొయ్యలు పోయిన రైతుని ఆదుకోవడానికి ప్రభుత్వం రాలేదు గానీ బావమరిది వచ్చాడు. ఆయన పేరు వేణుగోపాలరాజు, వ్యాపారం రొయ్యల మేత. రొయ్యలు బతికినా చచ్చినా, మేత అమ్మినవాడికి మాత్రం ఏ తెగులూ రాదు.

"ఊరికే గట్టు మీద కూర్చుని ఏం చేస్తావు బావా? నా దగ్గర మేత ఏజెంటుగా చేరిపో. స్కూటర్ కూడా ఇస్తాను" అన్నాడాయన, పదిమంది భోంచేస్తున్న పంక్తిలో.

బావమరిది ఇచ్చిన స్కూటర్ మీద బావమరిది మేత బస్తాలు వేసుకుని ఊరూరా తిరగడం ఎలా ఉంటుందో పెళ్ళయిన పాఠకులకి వివరించనక్కరలేదు. శ్రీనివాసరాజు గారు ఆ వారంలోనే మిగిలిన పొలం అమ్మేసి, భార్య పేరు మీద మా ఊళ్ళో 'శ్రీ అలివేలు సూపర్ మార్కెట్' కట్టడం మొదలుపెట్టారు. మా ఊరి అభివృద్ధికి మూలకారణం ఒక స్కూటర్ అన్న సంగతి చరిత్రలో ఎక్కడా రాయలేదు.

ప్రారంభోత్సవానికి వేణుగోపాలరాజు ఆ స్కూటర్‌తోనే వచ్చాడు. కొత్తది. దాన్ని షాపు అద్దాల ఎదురుగా నిలబెట్టి, మీద కవరు కప్పి, తాళం చెవి బావగారి జేబులో వేశాడు.

"కవరు ఇప్పుడే తీయకు బావా. ఉగాది దాకా చూద్దాం" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా.

ఇక షాపు వైభోగం గురించి. మొత్తం ఏసీ. నెట్టితే తెరుచుకుని, వదిలేస్తే దానంతటదే మూసుకునే అద్దాల తలుపు. లోపల నేలంతా తెల్లని టైల్స్. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు అరల్ని ఎలా అమర్చాడంటే, ఎడమవైపు నుంచి లోపలికి వెళ్ళినవాడు షాపంతా చుట్టి కుడివైపు కౌంటరు దగ్గర తేలతాడు. మధ్యలో ప్రతి సరుకూ కంటపడి తీరుతుంది. ఆ చదువు కోసం ఆయన విదేశాలకు వెళ్ళొచ్చాడట.

రిబ్బను కత్తిరించగానే ముందుగా లోపలికి అడుగుపెట్టబోయినవారు రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ మాణిక్యాంబ గారు. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే, మిగతా సగం ఆవిడ చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే. ఆవిడ గుమ్మంలో ఆగి, నేలవైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు.

"నేలలో మన మొహం కనబడుతోందండి. మొహం మీద చెప్పుకాలు ఎలా పెడతాం?"

ఆవిడ చెప్పులు విప్పారు. ఆవిడ వెనక ఊరంతా విప్పింది. అందరిలోకీ ఇబ్బంది పడినవారు ముఖ్య అతిథి, వర్తక సంఘం అధ్యక్షులవారు. ఆయన బూట్లు విప్పక తప్పలేదు. విప్పాక, మేజోడుకి ఉన్న చిల్లులోంచి బొటనవేలు సభకి నమస్కరించింది. దాన్ని రెండో పాదంతో కప్పుకుని, ఒంటికాలి మీద నిలబడే ఆయన ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా, ఇవాళ మన ఊరు సింగపూరు సరసన నిలబడింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ చెయ్యి చాపి అడగనక్కరలేదు. పెద్దా చిన్నా లేదు. ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకోవచ్చు. గాంధీగారు కలలు కన్నది దీని కోసమే."

మర్నాడు జిల్లా పేపర్లో ఫొటో వచ్చింది. బట్టల సబ్బులు గోపురంలా పేర్చి ఉన్నాయి. వాటి ముందు అధ్యక్షులవారు ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. చుట్టూ జనం వట్టి కాళ్ళతో, చేతులు కట్టుకుని ఉన్నారు. ఆ ఫొటో చూశాక సూపర్ మార్కెట్ అంటే ఏమిటో చుట్టుపక్కల ఊళ్ళకి కూడా అర్థమైపోయింది.

జనం రావడం మొదలుపెట్టారు. శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చేవారు. చెప్పులు విప్పి, చల్లటి నేల మీద నిశ్శబ్దంగా, ఎడమవైపు నుంచి కుడివైపుకి ఒక చుట్టు చుట్టి బయటికొచ్చేవారు. ఎవరైనా పేస్టు అర దాటి పోయాక పేస్టు గుర్తొస్తే వెనక్కి తిరిగేవారు కాదు. బయటికొచ్చి, మళ్ళీ మొదటి నుంచి చుట్టేవారు. అన్నవరంలో వ్రతం చేసుకుని వస్తున్న కొత్త జంటలు దారిలో ఇక్కడ కూడా ఆగేవి. కొత్త మోటారు సైకిళ్ళని షాపు ముందుకి తెచ్చి నిమ్మకాయలు తొక్కించడం ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, మంచి ఆచారమని అందరూ ఒప్పుకున్నారు.

కొనడం మాట అడుగుతారా? ఉత్త చేతులతో బయటికి రావడం బాగుండదని ఇంటికో అగ్గిపెట్టె కొనేవారు. అగ్గిపెట్టెల అమ్మకంలో శ్రీ అలివేలు జిల్లాలోనే పెద్ద షాపు అయింది. బియ్యం, పప్పు, నూనె మాత్రం ఎదురుగా ఉన్న తాతాజీ కొట్లోనే కొనేవారు. అక్కడ గింజ కొరకొచ్చు, కొసరు అడగొచ్చు. చెప్పులు విప్పనక్కరలేదు.

ఇంతలో చెప్పులు పోవడం మొదలైంది. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు తనవనుకుని పక్కవాడివి వేసుకుపోతాడు, పైగా పక్కవాడివి కొత్తవైతే ఆ పొరపాటు మరీ సహజం. లోపల సరుకు దొంగతనం కాకుండా పెట్టుకున్న వాచ్‌మన్‌ని రాజుగారు చెప్పులకి మార్చి టోకెన్లు ఇప్పించారు. టోకెన్ కోసం వేచి ఉండేవారికి తాతాజీ తన కొట్టు ముందు బల్ల వేసి, గోళీ సోడా పెట్టాడు. తాతాజీ గల్లాపెట్టె మూత పడడం మానేసింది.

షాపులో కూర్చుని రోజూ అద్దంలోంచి కవరు కప్పిన స్కూటర్‌ని చూస్తున్న రాజుగారికి ఎట్టకేలకు రోగం తెలిసింది. వట్టి కాళ్ళతో వచ్చినవాడు భక్తుడు, చెప్పులతో వచ్చినవాడు ఖాతాదారు. జనం కాళ్ళకి చెప్పులు తొడిగితే తప్ప తాను బతకడు. వెంటనే గుమ్మం మీద బోర్డు పెట్టించారు: 'చెప్పులతో లోనికి రావచ్చును.'

గోదావరి జిల్లాల మర్యాద తెలియని ఊళ్ళో అయితే ఆ బోర్డు పనిచేసేదే. మా వైపు ఎవరింటికైనా వెళ్ళినప్పుడు, "పర్వాలేదు, చెప్పులతో వచ్చేయండి" అంటారు. అనడం వాళ్ళ మర్యాద. విప్పడం మన మర్యాద. అన్నారు కదా అని వేసుకుపోయినవాణ్ణి ఆ ఇంట్లో మూడు తరాలు చెప్పుకుంటారు. జనం బోర్డు చదివి రాజుగారి సంస్కారానికి ముచ్చటపడ్డారు. ముచ్చటపడుతూ చెప్పులు విప్పారు. అప్పటిదాకా విప్పని ఒకరిద్దరు కూడా సిగ్గుపడి విప్పడం మొదలుపెట్టారు.

రాజుగారు ఇంకా పెద్ద బోర్డు రాయించారు: 'దయచేసి తప్పనిసరిగా చెప్పులు వేసుకునే రావలెను.' ఇది కాస్త పట్టింపుగా కనబడడంతో ఊరు ఆలోచనలో పడింది. మధ్యేమార్గంగా షాపులోకి మాత్రమే వేసుకునేందుకు ఇంటికో జత కొత్త హవాయి చెప్పులు కొన్నారు. పాతవి బయట విడిచి, సంచిలోంచి కొత్తవి తీసి తొడుక్కుని, ఒక చుట్టు చుట్టి, బయటికొచ్చి, తుడిచి సంచిలో పెట్టుకునేవారు. అగ్గిపెట్టె కూడా ఆ సంచిలోనే పట్టేది. ఆ హవాయి చెప్పులు అమ్మింది తాతాజీయేనని వేరే చెప్పాలా?

చివరికి రాజుగారు భార్యని బతిమాలారు. అలివేలుమంగ గారు రోజూ వేసుకునే చెప్పులతోనే షాపులోకి నడిచి చూపించారు. సాయంత్రానికి ఊళ్ళో తీర్పు వచ్చేసింది.

"సొంత షాపనేగా ఆ పొగరు" అన్నారు మాణిక్యాంబ గారు.

డిసెంబరు వచ్చింది. బావమరిది ఫోన్ చేసి స్కూటర్ టైర్లలో గాలి ఉందో లేదో కనుక్కోమన్నాడు.

క్రిస్మస్‌కి వారం ముందు, ఒక సాయంత్రం, చర్చి పేట నుంచి చిట్టియ్య వచ్చాడు. నాట్లకీ కోతలకీ మనుషుల్ని తీసుకెళ్ళే మేస్త్రి. చర్చిలో సంఘపెద్ద కూడా. చిట్టియ్య తండ్రి ఇదే వీధిలోంచి వెళ్ళేటప్పుడు చెప్పులు చంకలో పెట్టుకుని నడిచేవాడని మా ఊరి పెద్దలు చెబుతారు. ఆ రోజులు పోయాయని కూడా ఆ పెద్దలే చెబుతారు.

చిట్టియ్య కాళ్ళకి పండక్కి కొన్న కొత్త తోలు చెప్పులున్నాయి. గుమ్మంలో ఆగి బోర్డు చదివాడు. చదివి, అందులో రాసినట్టే చేశాడు.

మా ఊరి చరిత్రలో ఆ బోర్డు మాట ఉన్నదున్నట్టు విన్న మొదటి ఖాతాదారు అతనే. చెప్పులు కిర్రుకిర్రుమంటుండగా బుట్ట అందుకున్నాడు. పండగ రోజు పేట మొత్తానికీ చర్చిలో భోజనాలు. బియ్యం, కందిపప్పు, నూనె డబ్బాలు, సేమ్యా, జీడిపప్పు అన్నీ తీస్తున్నాడు. ఒక బుట్ట నిండితే రెండోది, అదీ నిండితే ఇంకోటి. అగ్గిపెట్టెలకి తప్ప బిల్లు కొట్టి ఎరగని కౌంటర్లో అమ్మాయికి చెమటలు పట్టాయి. రాజుగారు లేచి నిలబడ్డారు. చాలా కాలం తర్వాత ఆయన కళ్ళకి స్కూటర్ మసకగా కనబడింది.

సరిగ్గా అప్పుడే మాణిక్యాంబ గారు, అధ్యక్షులవారు, మరికొందరు పెద్దలు తమ నిత్యపు చుట్టులో సబ్బుల దగ్గర మలుపు తిరిగారు. కిర్రుకిర్రు విన్నారు. ఆగిపోయారు.

"ఏంటి రాజుగారూ ఇది?" అన్నారు మాణిక్యాంబ గారు.

"మేమంతా వీధి చెప్పులు విప్పి రావడం లేదా అండీ? మరి మేం వెర్రివాళ్ళమా?" అన్నారు అధ్యక్షులవారు.

తాము అన్నది ఏ మనిషి గురించో ఎవరూ అనలేదు. మా ఊళ్ళో అలాంటివి అనరు. కేవలం చెప్పుల గురించే మాట్లాడారు.

రాజుగారు బుట్టలవైపు చూశారు. అద్దంలోంచి స్కూటర్‌వైపు చూశారు. పెద్దలవైపు చూశారు. ఇలాంటి చోట కథానాయకుడైనవాడు ఛాతీ విరిచి ముందుకొస్తాడు. రాజుగారు కథానాయకుడు కాదు, రేపు కూడా ఈ ఊళ్ళోనే ఉండాల్సిన మనిషి. మెల్లగా చిట్టియ్య దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించారు.

"చిట్టియ్యా, ఏమీ అనుకోకు. ఆ చెప్పులు కాస్త బయట విడిచి వచ్చేయి. బుట్టలు ఇక్కడే ఉంటాయి."

"వేసుకుని రమ్మని బోర్డు మీరే పెట్టించారు కదండి."

"పెట్టించాను, కాదనను. అది అందరి కోసం పెట్టించింది."

చిట్టియ్య చేతిలో ఉన్న నూనె డబ్బాని తీసిన అరలోనే, తీసిన చోటే పెట్టాడు.

"నేనూ ఆ అందర్లో ఉన్నాననుకునే వచ్చానండి" అన్నాడు.

కోప్పడలేదు. గొడవ చేయలేదు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బయటికి నడిచాడు. షాపు తెరిచాక కుడి నుంచి ఎడమకి నడిచిన మొదటి మనిషి కూడా అతనే. ఎదురుగా తాతాజీ కొట్టు ముందు ఆగి, బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు కొరికాడు. తాతాజీ ఏదో ఉదారుడని అనుకోకండి. ఆ కొట్టుకి లోపలంటూ లేదు. జమీందారు వచ్చినా వీధిలోనే నిలబడాలి. మా ఊళ్ళో సమానత్వం ఆ విధంగా కుదిరింది. అరగంటలో పేట విందు మొత్తం రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారమే వర్తక సంఘం వారు శ్రీనివాసరాజు గారికి షాపులోనే ఘనంగా సన్మానం చేశారు. శాలువా కప్పి, అధ్యక్షులవారు రెండు కాళ్ళ మీదా నిలబడి మాట్లాడారు. ఈసారి మేజోళ్ళు కొత్తవి.

"లాభం చూసుకోకుండా మర్యాద చూసుకున్న మహామనిషి మన రాజుగారు. ఇటువంటి షాపు పది కాలాలపాటు చల్లగా ఉండాలి."

చప్పట్లు మోగాయి. సభ ముగిశాక అందరూ ఒక చుట్టు చుట్టి, తలో అగ్గిపెట్టె కొన్నారు.

షాపు ఉగాది దాకా చల్లగా ఉంది. ఉగాది నాడు వేణుగోపాలరాజు వచ్చి స్వయంగా స్కూటర్ కవరు తీశాడు. అది ఒక్క తన్నుకే స్టార్టయింది. మంచి స్కూటర్.

ఇప్పుడా భవనంలో చెప్పుల షోరూం నడుస్తోంది. జనం చెప్పులు బయట విప్పేసి లోపలికి వెళ్ళి, చెప్పులు కొని, డబ్బాతో చంకలో పెట్టుకుని బయటికొస్తారు. రాజుగారి పాత బోర్డు గుమ్మం మీద అలాగే ఉంది. చదివినవాళ్ళంతా అది మర్యాదకి రాసిందని గ్రహిస్తూనే ఉన్నారు. చిట్టియ్య మాత్రం ఆ వైపు వెళ్ళడు.

ఇంతదాకా చదివిన మీరందరూ చిట్టియ్య వైపే ఉన్నారని తెలుసు. సంతోషం. ఆ సాయంత్రం షాపులో ఉన్న పెద్దలు కూడా ఇళ్ళకి వెళ్ళాక, భోజనాల దగ్గర, ఎవరికి వారు విడివిడిగా అతని వైపే ఉన్నారు.