ఒక కాలు, ముప్పై వేలిముద్రలు

వైద్యం ఏ డాక్టరైనా చేస్తాడు. వైద్యం అందనివాడెవడో తేల్చడం మాత్రం సర్కారుకే చేతనవుతుంది. అందుకే నిజాం జమానాలో, ఫస్లీ 1348లో హుకుం వచ్చింది: హైదరాబాదు పెద్ద దవాఖానలో పని నేర్చుకునే కుర్ర డాక్టర్లు నలభై రోజులు పల్లెసేవ చేస్తేనే డాక్టరీ సనదు చేతికొస్తుంది. ఆ సేవ కూడా వైద్యం అందనివారికే చేయాలి.

అట్లా కుర్ర డాక్టరు లక్ష్మీరాజం కామారెడ్డిలో రైలు దిగి, బండెక్కి, ఎల్లారెడ్డి అవతల పది గడపల ఊళ్లో పడ్డాడు. వెంట మందుల పెట్టె, మున్షీ లింబాద్రి. పెట్టె తాళంచెవి మున్షీ మొలతాడుకుండేది (డాక్టరుకిస్తే మందులు ఖర్చయ్యే ప్రమాదముంది).

మొదట వచ్చింది హన్మవ్వ. కాలికి నారికురుపు. పుండులోని పురుగును పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకింత లాగాలి. తెగితే కాలు చెడుతుంది. కాలు చెడితే ఆ ఏడు నాట్లు లేవు, తిండీ లేదు. లక్ష్మీరాజం సర్కారు ఫారం మీద ఆమె వేలిముద్ర తీసుకుని, కొంచెం లాగి, రేపు రమ్మన్నాడు.

మర్నాడు మున్షీ అడ్డుపడ్డాడు. “నీకు నిన్ననే వైద్యం అందింది. అందినోళ్లకు మళ్ల అందియ్యొద్దు.”

“పురుగు ఇంక లోపలనే ఉన్నది గదయ్యా!”

“పురుగు ముచ్చట ఫారంల లేదు.”

లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది. హుకుం తప్పితే నలభై రోజులూ మళ్లీ ఒకటి నుంచి లెక్కని మున్షీ గుర్తుచేశాడు. మండిన ఒళ్లు చల్లారింది.

దారి హన్మవ్వే చూపింది. “నాట్లప్పుడు ఒకలి మడికి ఒకలం బదులు పోతలేమా? గట్లనే నాకు ఊరోళ్లు ఏలు బదులిస్తరు.”

రోజుకొకరు వచ్చి వేలు ముద్రించారు, డాక్టరు హన్మవ్వ పురుగు లాగాడు. వేలు కొత్తదైతే చాలు, కాలెవరిదని మున్షీ అడగలేదు (అడగమని హుకుంలో లేదు). ముప్పయ్యో రోజు పురుగు మొత్తం బయటికొచ్చింది. చంటిపిల్లలతో కలిపి ఊళ్లో ఉన్నది ముప్పై మందే.

నలభయ్యో రోజు ఎల్లయ్యను మంచం మీద మోసుకొచ్చారు. జ్వరం, ఎగశ్వాస. మున్షీ ఫారాల ఖాతా తిప్పాడు. “ఎల్లయ్య. నారికురుపు. నయమైంది.”

“అయ్యా, గది నా కాలు! నాకోసం ఏలిచ్చిండు. ఆయనకు నేను బదులిస్త, తీస్కో!” అని హన్మవ్వ వేలు చాపింది.

“నీది మొదటిరోజే అయిపోయింది.”

లక్ష్మీరాజం తాళంచెవి కోసం చేయి చాపాడు.

“ఇయ్యాలతోని మీకు నలభై నిండుతయి, డాక్టర్ సాబ్,” అన్నాడు మున్షీ, మర్యాదగా.

చేయి వెనక్కి పోయింది. మంచమూ వెనక్కి పోయింది. మూడోనాడు ఎల్లయ్యను దహనం చేశారు.

సనదు మీద పెద్ద ముద్ర వేసి రాశారు: ఈ డాక్టరు సేవ వల్ల ఆ ఊళ్లో వైద్యం అందనివాడంటూ ఒక్కడూ మిగల్లేదు.